ముదివా బతికిన సంగతి

ముదివాను దేవుడే బతికించాడన్న మాటలో అబద్ధం లేదు. షువై ఇవాళ్టికీ ఆ మాట మీదే నిలబడుతుంది. ఆమెకు ఒళ్ళు మండేదల్లా ఆ తర్వాతి మాటకు. ఎక్కడ బతికించాడు, ఎవరి చేతుల మీదుగా బతికించాడు అన్న దగ్గరికి వచ్చేసరికి, సంఘం పెద్దలంతా కలిసి ఆ దేవుడి నోరే నొక్కేశారు.

ఆ ఏడు మొక్కజొన్న విరగపండింది. ఆ దేశంలో చలికాలమైన జూన్ నెలలో షువై భర్త తొంగై పొలం నుంచి కంకులు బండికెత్తి ఇంటికి తోలుతున్నాడు. వాళ్ళ ఆరేళ్ళ కూతురు ముదివా కంకుల గుట్ట మీద కూర్చుంటానని మారాం చేస్తే, సరే కూర్చోమన్నాడు. ఆ ఊళ్ళో పిల్లలందరూ అలా కూర్చునేవాళ్ళే. వాగు దాటే చోట కుడి చక్రం గుంటలో దిగబడి బండి ఒరిగింది. కంకులతో పాటు పిల్లా జారింది. బండి పక్కన ఊడి వేలాడుతున్న ఇనప పట్టీ ఆమె తొడను ఎముక కనబడేదాకా చీల్చేసింది.

తొంగై చొక్కా చింపి కాలికి బిగించి కట్టాడు. పిల్లను భుజానేసుకుని పరిగెత్తాడు. ఆసుపత్రి వైపు కాదు, ఇంటి వైపు. అందులో అతను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తెల్ల అంగీల సంఘంలో పుట్టి పెరిగిన మనిషికి ఆసుపత్రి అనేది అసలు దారే కాదు. సూది పాపం, మాత్ర పాపం, చెట్టుమందు మరీ పాపం. వాళ్ళకు ఉన్నది ప్రార్థన, ఉపవాసం, ప్రవక్త ఓబద్యా దీవించి ఇచ్చే నీళ్ళు.

ఓబద్యా వచ్చాడు. గొరిగించుకున్న గుండు, పాదాల దాకా తెల్ల అంగీ, చేతిలో వంపు కర్ర. కుండలో నీళ్ళు పోయించి, మూడు గులకరాళ్ళు వేసి, కళ్ళు మూసుకుని ఊగి, ఆ నీళ్ళు గాయం మీద పోశాడు. ముదివా కేక ఊరవతలికి వినబడింది.

"మూడు రోజులు. మూడో రోజు ఈ బిడ్డ లేస్తుంది. ఇంట్లో ఎవరి విశ్వాసమూ చెదరకుండా చూసుకోండి," అన్నాడు ఓబద్యా.

తొంగై ఆ మూడు రోజులూ మెతుకు ముట్టలేదు. చలినేల మీద మోకాళ్ళూనుకుని, కూతురి పేరు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. అతని మనసులో కల్మషం లేదు. ఉంటే బాగుండేది, తిట్టడానికి షువైకి తేలికయ్యేది.

మూడో రోజు ముదివా లేవలేదు సరికదా, కళ్ళు తెరవడం మానేసింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కట్టు విప్పబోతే వాసన గుప్పుమంది. షువై వంటపాకలోకి వెళ్ళింది. అక్కడ ఆమె అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అత్తా, పిల్ల కాలు వాసనొస్తోంది."

ముసలామె తలెత్తకుండానే కట్టె లోపలికి ఎగదోసింది. "తెలుసు. నాకూ ముక్కుంది."

"మరేం చెయ్యమంటావు?"

"మీ అమ్మకి ఒంట్లో బాలేదట."

"మా అమ్మకేమొచ్చింది? నిక్షేపంగా ఉంది."

"బాలేదట అంటున్నానా! నోర్మూసుకుని విను." ముసలామె గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మీ అమ్మని చూడాలి, ప్రార్థన అక్కడే చేసుకుంటానని చెప్పి పిల్లనెత్తుకుని బయల్దేరు. నీ మొగుడికి నేను సర్ది చెప్తాలే. రోడ్డు మీద నీలం రేకుల ఆసుపత్రి ఉందా? ముందు తలుపు జోలికెళ్ళకు. వెనక్కెళ్ళి తలుపు తట్టు. ఎస్తేరు అని నర్సు. నీ తెల్ల బట్టలు దారిలోనే మార్చేసుకో, ఎవరన్నా చూస్తే చచ్చామన్నమాటే."

ఈ అత్త సంఘంలో ఆడవాళ్ళ వరసకు పెద్ద. పండిన వెంట్రుకల మీద తెల్లగుడ్డ చుట్టుకుని ముందు వరసలో కూర్చుని పాట ఎత్తే మనిషి.

"నీకెలా తెలుసు ఇదంతా?"

"నీ మొగుడికి ఐదేళ్ళప్పుడు ఊపిరాడక గోళ్ళు నల్లబడిపోయాయి. ఏ గులకరాళ్ళ నీళ్ళు తాగి బతికాడనుకుంటున్నావు వాడు?"

"మూడు రోజులు!" అంది షువై. "మూడు రోజులు ఈ మాట కడుపులో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నావా?"

"నువ్వడుగుతావని కూర్చున్నా. నా అంతట నేను చెప్తే నువ్వెళ్ళి వాడికి చెప్పవని నమ్మకమేంటి? నువ్వెలాంటిదానివో నాకేం తెలుసే?"

పదేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు ఇద్దరూ. నువ్వెలాంటిదానివో నాకేం తెలుసు అంటోంది. షువైకి అత్త మీద కోపమొచ్చింది, తన మీద కోపమొచ్చింది, అన్నిటికంటే ఈ భయం మీద కోపమొచ్చింది. కానీ తిట్టుకుంటూ కూర్చునే వేళ కాదది. పిల్లను వీపుకు కట్టుకుని బయల్దేరింది.

వెనక తలుపు తీసిన నర్సు ఎస్తేరు బొద్దుగా, పొట్టిగా, ఎవరి మాటా పడని మనిషిలా ఉంది. కట్టు విప్పి చూసి పళ్ళు కొరికింది.

"ఎన్ని రోజులైంది?"

"మూడు."

"మూడు రోజులు ఏం చేశారమ్మా మీరు?"

"ప్రార్థన."

"నేనూ చేస్తాను ప్రార్థన. చేతులు కడుక్కుని చేస్తాను." అంటూనే చెయ్యాల్సిందంతా చేసేస్తోంది. సెలైను పెట్టింది, సూదులు వేసింది, గాయం లోపలి చీమునంతా తీసి కడిగింది. కడిగినంత సేపూ పిల్ల కంటే ముందు షువై ఏడ్చింది. చీము పట్టిన గాయానికి కుట్లు వెయ్యకూడదట, కట్టు కట్టి దానంతటదే మాననివ్వాలట. ఆ కుట్లు లేకపోవడమే తర్వాత ప్రవక్తగారికి బాగా కలిసొచ్చింది.

ఆరు రోజులు వెనక గదిలో ఉన్నారు తల్లీ కూతుళ్ళు. షువై ప్రార్థన మానలేదు. మంచం పట్టె మీద తలానించి దేవుడితో వాదులాడింది. ఇది పాపమైతే నా మీద పడు, పిల్ల మీద పడకు అంది. నువ్వు ఈ గదిలోకి రావా, వీళ్ళు చెప్పినట్టు సంఘం ప్రార్థన చేసే గుట్ట మీది తెల్లరాళ్ళ హద్దు దగ్గరే ఆగిపోతావా అని నిలదీసింది. ఐదో రోజు పొద్దున్న ముదివా కళ్ళు తెరిచి, "నాకు మొక్కజొన్న పిండి సద్జా కావాలి, వేరుశెనగ ముద్ద కలిపిన ఆకుకూరతో," అంది. ఆ మాట విన్నాక షువైకి అనుమానం తీరిపోయింది. దేవుడు ఆ గదిలోనే ఉన్నాడు. మందుల వాసన ఆయనకేం అడ్డం రాలేదు.

వెళ్ళిపోయే రోజు ఎస్తేరు ముదివా పేరుతో అట్ట కార్డు రాసింది. ఏ రోజు ఏ సూది వేశారో, కట్టు మార్చడానికి మళ్ళీ ఎప్పుడు రావాలో అన్నీ ఉన్నాయి అందులో.

"ఇంటికి పట్టుకెళ్తావా?"

"అమ్మో!"

"అమ్మో అంటావని తెలుసు." ఎస్తేరు బల్ల సొరుగు తాళం తీసింది. సొరుగు నిండా కార్డులు, కట్టలు కట్టలుగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. "నీ ఒక్కదానికే వచ్చిందనుకున్నావా ఈ తెలివి? శనివారం ప్రార్థనలో నన్ను సాతాను పనిమనిషని తిడతారు. మంగళవారం నా వెనక తలుపు తడతారు."

పై కట్టలో మొదటి కార్డు మీది పేరు షువై కంటపడింది. ప్రవక్త ఓబద్యా చిన్నకొడుకు పేరది.

ఎస్తేరు చటుక్కున సొరుగు మూసేసింది. "చూసింది ఇక్కడే వదిలెయ్. నువ్వు ఎవరి పేరూ బయట పెట్టకు, నీ పేరు నేను బయట పెట్టను. ఈ సొరుగుంది గనకే ఈ పిల్లలున్నారు. నీ దేవుడి మీద ఒట్టెయ్."

షువై ఒట్టు వేసింది.

ఇంటికి వచ్చాక ముదివాకు అబద్ధం నేర్పడం మొదలుపెట్టింది. ఎక్కడున్నావంటే అమ్మమ్మ ఇంట్లో అనాలి. సూది మాట ఎత్తకూడదు. కట్టు ఎవరు కట్టారంటే అమ్మ కట్టింది. ఆరేళ్ళ పిల్ల బుద్ధిగా తలూపి, మూడుసార్లు అప్పజెప్పింది. దైవభక్తి గల ఇంట్లో కన్నతల్లి దగ్గరుండి పిల్ల చేత అబద్ధాలు వల్లె వేయించాల్సి రావడం ఏ ధర్మమో పెద్దలు చెప్పాలి.

మూడు వారాలకు ముదివా కుంటుకుంటూ నడిచింది. ఆ శనివారం సంఘం ప్రార్థనా స్థలానికి కుటుంబమంతా వెళ్ళారు. ఊరి చివర గుట్ట మీద తెల్లరాళ్ళు గుండ్రంగా పేర్చి హద్దు కట్టిన బయలు అది. పాదరక్షలు విడిచి, ద్వారం దగ్గర ప్రవక్త ముందు నిలబడి పాపాలు ఒప్పుకుంటే తప్ప లోపలికి అడుగు పెట్టకూడదు. ఒప్పుకోకుండా దాచినవాళ్ళను ఆత్మ పట్టిచ్చేస్తుందని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది షువై. పట్టుబడటం ఖాయమనుకుంది. ఒక రకంగా పట్టుబడితే బాగుండుననీ అనుకుంది.

ఓబద్యా కర్ర ఆమె నెత్తి మీద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. భుజాలు విదిలించాడు.

"శుద్ధం. వెళ్ళు."

షువై లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. ఆరు రోజుల సెలైను, పన్నెండు సూదులు, సొరుగులో కార్డు, ఒక్కటి కూడా కనబడలేదా ఆత్మకు? ఆమె వెనక ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు. శుద్ధం, వెళ్ళు. శుద్ధం, వెళ్ళు. ప్రవక్త పెద్ద భార్య చంకలో చిన్నకొడుకును ఎత్తుకుని వచ్చింది. శుద్ధం, వెళ్ళు. షువైకి ఆ సొరుగులో కట్టల మందం గుర్తొచ్చింది. ఈ వరసలో సగం మంది అందులో ఉన్నారు. ఒక్కొక్కత్తీ తనొక్కత్తే పాపినని కుమిలిపోతూ, పక్కదాన్ని చూసి భయపడుతూ, కళ్ళు దించుకుని నడిచిపోతోంది. పిచ్చివాళ్ళమా మనం అని అరవాలనిపించింది ఆమెకు. అరవలేదు.

లోపల తొంగై లేచి సాక్ష్యం చెప్పాడు. కూతురు బండి మీద నుంచి పడటం, ప్రవక్త నీళ్ళు, మూడు రోజుల ఉపవాసం చెబుతూ చెబుతూ బావురుమన్నాడు. ఓబద్యా ముదివాను పైకెత్తి కాలు చూపించాడు. "చూడండి, కుట్టు లేదు, సూది లేదు! మనిషి చెయ్యి పడని గాయం ఇలా మానుతుంది!" జనం హోరెత్తారు. షువై అత్త పాట ఎత్తింది. ముసలామె గొంతు ఏమాత్రం వణకలేదు. షువై పెదవులు కదిపింది గానీ పాట బయటికి రాలేదు.

అంతటితో పోతే ఈ కథ చెప్పుకునే పనే లేదు. మొగుడు మనసు నొచ్చుకోకుండా, పిల్ల దక్కి, ఓ అబద్ధం మిగిలింది, పోనీలే అనుకునేవాళ్ళం. కానీ సాక్ష్యం అన్నది చెప్పిన చోట ఆగదు. వినే చెవుల్లో ఎవరో ఒకరు దాన్ని నిజంగా నమ్మేవాళ్ళుంటారు.

నెత్సై అలా నమ్మింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, వేరే ఊరి నుంచి ఈ సంఘంలోకి పెళ్ళి చేసుకుని వచ్చింది. మొగుడు దూరాన గనిలో పని. నాలుగేళ్ళ కొడుకు ఫరాయి, పది నెలల పాప రూవా. ఆమెకు వెనక తలుపు గురించి చెప్పిన వాళ్ళు లేరు. కొత్తమ్మాయి, ఎలాంటిదో ఏమిటో, ప్రవక్త చెవిన వేస్తుందేమో అని ఎవరికి వారు నోరు కట్టేసుకున్నారు. సెప్టెంబరులో పిల్లలకు తట్టు వచ్చింది. మిగతా ఇళ్ళ పిల్లలు కొందరు అమ్మమ్మల ఊళ్ళకు వెళ్ళి తేరుకుని వచ్చారు. ఆ అమ్మమ్మలందరికీ ఒక్కసారే ఒంట్లో బాగోలేకపోవడం ఒక్క మగవాడికీ వింతగా తోచలేదు.

ఫరాయికి తట్టు లోపలికి దిగి ఊపిరి బరువైంది. షువై చూడటానికి వెళ్ళింది.

"అక్కా, నువ్వొచ్చావా!" నెత్సై ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ముదివా కాలు లేపిన దేవుడు నా ఫరాయిని లేపడా? నేను ఒక్కసారి కూడా అనుమానపడలేదక్కా. ఒట్టు."

షువై నోటి దాకా వచ్చింది మాట. పాకలో ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరు సొరుగులో ఉన్నారో, ఎవరు లేరో తెలీదు. రేపు చెబుదాం, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకుంది. మాటకు బదులు పాట ఎత్తింది. మర్నాడు వెళ్ళింది, అప్పుడూ జనమున్నారు. ఆ మర్నాడు గురువారం, పిల్లవాడు పోయాడు.

పాతిపెట్టి రెండు రోజులైనా కాకముందే పాపకూ అదే మొదలైంది. శనివారం ప్రార్థన వేళకు రూవా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఓబద్యా నెత్సైని పాపతో సహా మధ్యలోకి పిలిచాడు. ఎండ నెత్తి మీద చురచురలాడుతోంది.

"ఈ ఇంటి మీద ఒక మరణం ఎందుకొచ్చిందో ఆత్మ నాకు చెప్పింది," అన్నాడు ఓబద్యా. "తల్లి విశ్వాసం చెదిరింది. ఈమె మనసులో రహస్యంగా మందు కోసం ఆశపడింది. అందుకే ఆ బిడ్డను దేవుడు తీసుకున్నాడు."

నెత్సై తల వంచుకుంది. వాదించలేదు. "తప్పయిపోయింది," అని గొణిగింది. "అనుకోలేదనుకున్నాను. అనుకున్నానేమో."

"దేవుడు లేపిన బిడ్డను తీసుకురండి," అన్నాడు ఓబద్యా. తొంగై ముదివాను తీసుకొచ్చాడు. "ఈ బిడ్డ చెయ్యి ఆ బిడ్డ మీద పెట్టండి. మూడో రోజు లేస్తుంది."

ముదివా చిన్న చెయ్యి పాప ఛాతీ మీద పెట్టింది. ఆ చెయ్యి పాప ఊపిరితో పాటు పైకీ కిందకీ ఎగురుతోంది. షువై చూసింది. ఒళ్ళంతా భగ్గుమంది. ఆ సంఘం మొత్తంలో నిజంగా నమ్మిన ఆడమనిషి ఒక్కతె ఉంటే, ఆమె నెత్తినా వీళ్ళు అవిశ్వాసం రుద్దేది? కొడుకును మింగి, తల్లినే దోషిని చేసేది?

ఆ సంఘంలో ఆడవాళ్ళు ప్రసంగం చెయ్యకూడదు. కానీ సాక్ష్యం ఉందని లేచిన మనిషిని కూర్చోమనే అధికారం ప్రవక్తకు కూడా లేదు. షువై లేచింది.

"నాకు సాక్ష్యం ఉంది."

ఓబద్యా ముఖం విచ్చుకుంది. "చెప్పమ్మా. లేచిన బిడ్డ తల్లి చెబుతుంది, వినండి."

"ముదివా మూడో రోజు లేవలేదు. మూడో రోజు దాని కాలు కుళ్ళింది. నేను దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆరు రోజులు సెలైను పెట్టారు. పన్నెండు సూదులు వేశారు. బతికించింది దేవుడే, కాదన్నవాడి నోట్లో మన్ను. కానీ బతికించింది అక్కడ."

ఓబద్యా కర్ర నేలకేసి కొట్టి పాట ఎత్తాడు. మాట ఆపాలంటే పాటతో ముంచెయ్యడం అక్కడి రివాజు. ప్రవక్త ఎత్తితే ఆడవాళ్ళు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు. అతని గొంతు ఒంటరిగా రెండు చరణాలు నడిచి ఆగిపోయింది. పాట అందుకోకపోవడం, అంతమాత్రం చేశారు వాళ్ళు. లేచి నిలబడింది మాత్రం ఒక్కరూ లేరు. షువై అత్త తలగుడ్డ నుదుటి మీదకు లాక్కుని నేల చూస్తోంది.

"ఇది సాతాను మాట!" అన్నాడు ఓబద్యా.

"సాతానైతే ద్వారం దగ్గర పట్టుకోవాల్సింది మీరే కదా. పన్నెండు శనివారాలు నా నెత్తి మీద కర్ర పెట్టి శుద్ధం, వెళ్ళు అన్నారు."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వబోయి దగ్గాడు. ఓబద్యా మెడ నరాలు ఉబ్బాయి. "నువ్వొక్కదానివే వెళ్ళావా? ఇంకెవరున్నారు? పేర్లు చెప్పు!"

షువై ఆడవాళ్ళ వైపు తిరిగింది. ముందు వరసలో ప్రవక్త పెద్ద భార్య చిన్నకొడుకును గుండెకు అదుముకుని కొయ్యలా బిగుసుకుపోయింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివర ఉంది, ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

"నా సంగతి నేను చెప్పాను," అంది. "మిగతావాళ్ళ సంగతి ఆత్మనే అడగండి. మీతో రోజూ మాట్లాడుతుందిగా."

తొంగై నాలుగడుగులు ముందుకొచ్చాడు. షువై అతని ముఖం చూసింది. కోపం లేదు అందులో, తెల్లబోయి ఉంది.

"నిజమేనా షువై?"

"నిజమే, ముదివా నాన్నా."

"మరి నా ఉపవాసం? నేను మోకాళ్ళ మీద..."

"అదీ విన్నాడు దేవుడు. విని నన్ను పంపాడు. నిన్ను పంపితే నువ్వు వెళ్ళేవాడివి కాదుగా."

తొంగై మెల్లగా వంగి ముదివా చెయ్యి పాప మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. అలాగే నిలబడ్డాడు.

అప్పుడు నెత్సై కదిలింది. పాపను ఎత్తి వీపున వేసుకుని గుడ్డ బిగించి కట్టింది. ఇంతమంది రహస్యం తెలిసినవాళ్ళు కూర్చునే ఉండగా, ఏమీ తెలియని ఆ ఒక్కతే లేచింది.

"దారి ఎటక్కా?" అంది.

"హద్దు దాటావో, మళ్ళీ ఈ ద్వారంలో అడుగు పెట్టనివ్వను! ఇద్దర్నీ!" ఓబద్యా అరుస్తున్నాడు.

ద్వారం దాకా తిరిగి వెళ్ళలేదు వాళ్ళు. దగ్గర్లో ఉన్న చోటే తెల్లరాళ్ళు దాటి, చెప్పులు కూడా వదిలేసి గుట్ట దిగారు.

పాప సంగతి ముందే చెప్పేస్తాను, ఆ బెంగతో మీరు మిగతాది సరిగ్గా వినలేరు. రూవా బతికింది. ఎస్తేరు ముక్కుకు గొట్టం పెట్టి గాలి అందించి, ఇంకో గంట ఆలస్యమైతే నా చేతుల్లో లేదు అంది. షువైని సంఘం వెలివేసింది. తొంగై నెల రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు, శనివారాలు గుట్ట ఎక్కడం మాత్రం మానేశాడు. ఇప్పుడు ఇంట్లోనే మోకాళ్ళూనుతారు ముగ్గురూ. అత్త ఇంకా గుట్టకే వెళ్తుంది, ఇంకా పాట ఎత్తుతుంది. ఆమెను ఏమనాలో షువైకి ఇవాళ్టికీ తెలీదు.

కానీ ఇవేవీ షువైని పట్టి పీడించవు. ఆమె చెవుల్లో ఉండిపోయింది ఆ దారిలో జరిగిన మాట.

ఎండలో ఇద్దరూ వేగంగా నడుస్తున్నారు. వీపు మీద పాప ఊపిరి గురక వినబడుతోంది. నెత్సై ఎండిన వాగు దాటాక, ముందుకే చూస్తూ అడిగింది.

"ఫరాయికి జబ్బుగా ఉన్నప్పుడు మా ఇంటికొచ్చావు కదక్కా."

"వచ్చాను."

"రెండు రోజులూ వచ్చావు. నా చేతులు పట్టుకున్నావు. పాట పాడావు."

"పాడాను."

"అప్పటికి ఈ దారి తెలుసు నీకు."

షువైకి చెప్పడానికి బోలెడున్నాయి. పాకలో జనమున్నారని, నువ్వెలాంటిదానివో నాకు తెలీదని, నర్సుకు ఒట్టేశానని. గుట్ట మీద ప్రవక్తకు ఎదురు నిలబడి అంతలేసి మాటలన్న మనిషికి, ఈ పిల్ల ముందు ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"తెలుసు," అంది.

నెత్సై తలూపి అడుగు వేగం పెంచింది. మలుపు తిరగగానే నీలం రేకులు ఎండకు మెరుస్తూ కనిపించాయి. నెత్సై ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. గుట్ట అక్కడే ఉంది. తెల్ల అంగీలు విడివిడిగా కనబడుతున్నాయి, ఎవరో ఎత్తిన పాట సన్నగా వినబడుతోంది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత దగ్గరా అక్కా?" అంది నెత్సై. "నా ఫరాయి గురువారం దాకా ఉన్నాడు."